ఒక పేరు పట్టేంత చోటు

రేపు లారీలు వస్తాయి.
కొత్త బడి ఊరికి అవతల కట్టారు, అంతా గాజు.
దానికి తాళాలు ఉండవట, కార్డు చూపిస్తే చాలట.
నా నడుముకి వేలాడే ఈ నలభై ఒక్క తాళంచెవులు
ఎవరికి అప్పగించాలో
ఉత్తరంలో రాయలేదు.

ఆర్డ్‌వెన్నన్ అకాడమీ.
మొదట్లో ఇది బడి కాదు, చర్చి వెనక ఉప్పు కొట్టు.
పిల్లలు ఒక చంకలో పలక, ఇంకో చంకలో పీటు గడ్డ
పెట్టుకుని వచ్చేవాళ్ళు.
బురదనేల కోసి ఎండబెడితే మాకు నిప్పు.
గడ్డ తేనివాడు గుమ్మం పక్కన, గాలిలో కూర్చోవాలి.
తెచ్చినవాడికి లాటిన్, తేనివాడికి దగ్గు.
ఆ కాలం నుంచి మిగిలింది ఒకే ఒక్క రాయి.
దాని మీద ఒకటి, ఏడు,
ఆ తర్వాత
వాన నాకేసిన చోటు.

తర్వాతెప్పుడో ఒక ఓడల షావుకారు చచ్చిపోతూ డబ్బిచ్చాడు.
ఎక్కడి డబ్బని ఎవరూ అడగలేదు.
చక్కెర డబ్బు. సముద్రాల అవతల
చెరకు నరికిన చేతుల డబ్బు.
హాల్లో అతని నిలువెత్తు పటం ఉంది,
కుడిచెయ్యి కోటు లోపల దాచుకుని.
ముప్పై ఏళ్ళకు పైగా దుమ్ము దులిపాను,
ఒక్కసారీ ఆ చెయ్యి బయటికి తియ్యలేదు.

శీతాకాలం సెలవుల్లో, బాయిలర్ పక్కన కూర్చుని
హెడ్మాస్టర్ల దినచర్య పుస్తకాలు చదివేవాణ్ణి.
"హెరింగ్ చేపలొచ్చాయి. పై తరగతిలో ఇద్దరే."
"మంచు. గంట తాడు బిగుసుకుపోయింది."
"మర్డో మెకాస్కిల్. ఆటస్థలంలో గేలిక్ మాట్లాడాడు. ఆరు."
ఆరు ఏమిటో రాయలేదు.
మర్డో మా అమ్మకి నాన్న.
అరచేయి చాపి చూపించి నవ్వేవాడు గానీ
ఆ రోజు ఏ భాషలో ఏడ్చాడో
ఎన్నడూ చెప్పలేదు.

పందొమ్మిది వందల పదకొండు, జూన్,
పెన్సిల్‌తో, అంచున, సన్నగా:
"మార్కుల్లో డోలినా మాన్సన్ ముందుంది.
వీలునామాలో బాలుడు అని ఉంది కనుక
పతకం టల్లోక్‌కి."

ఏటేటా బడికి మొదటివాడి పేరు
బంగారు రంగుతో ఎక్కే చెక్క బోర్డు మీద
ఆ ఏడాది ఎదురుగా అలిస్టర్ టల్లోక్.
గుమ్మం దగ్గర ఇత్తడి ఫలకం మీద కూడా అతనే,
యుద్ధంలో పోయిన అరవై ముగ్గురిలో.
ప్రతి నవంబరూ ఆ పేరు తోముతాను.
అతన్ని నేనేమీ అనను.

డోలినా పోస్టాఫీసులో నలభై ఏళ్ళు స్టాంపులమ్మింది.
ఎన్నికలప్పుడు మా హాల్లోనే పోలింగ్.
ఓటేసేది, బోర్డు కింద ఆగేది,
చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని
వెళ్ళిపోయేది.
నేను కొత్త బంట్రోతుని. వానొస్తోందనుకున్నా, అందుకే ఆగిందని.
పుస్తకం చదివాక గానీ బోధపడలేదు.

ఆ వేసవి బోర్డుకి మళ్ళీ రంగెయ్యమన్నారు.
టల్లోక్ పక్కన
ఒక పేరు పట్టేంత చోటుంది.
ఎవర్నీ అడగలేదు. అడిగితే కమిటీ వేస్తారు.

మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి ఆమెకి తొంభై దగ్గర.
ఆగింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది.
చాలాసేపు.
నిచ్చెన కింద నిలబడ్డ నాకేసి తిరిగి,
"నా పేరులో ఎల్ ఒకటే అబ్బాయ్. నువ్వు రెండు పెట్టావు."
చెవులు కాలిపోయాయి. సాయంత్రానికల్లా దిద్దేస్తానన్నాను.
"వద్దులే," అంది,
"రెండోది వడ్డీ అనుకుంటాను."

ఇవాళ వడ్రంగి వచ్చి కొత్త హాలు కొలతలు చెప్పాడు.
కప్పు తక్కువ ఎత్తు, బోర్డు జానెడు ఎక్కువ.
కింద కోస్తే రాబోయే పిల్లలకి చోటుండదు.
పైన కోస్తే షావుకారి పేరు,
బెత్తెడేసి బంగారు అక్షరాలు.
పెన్సిల్ చెవి మీంచి తీసి
ఎటు గీత గియ్యమంటావ్, అన్నాడు.

పైన, అన్నాను.